రాలే ఆకు అప్పగింతలు

పాల్వంచ నుంచి కిన్నెరసాని జలాశయం వైపు వెళ్ళే దారిలో వేసవి తొలినాళ్ళలో టేకు చెట్లు దాదాపు మోడులై నిలబడతాయి. కింద విస్తళ్ళంత ఆకులు ఎండి, అడుగు వేస్తే గలగలమంటాయి. ఎండకు మాడి రాలిపోయాయని అనుకుంటాం. నిజానికి ఆ ఆకు రాలేముందు దానిలో ఎంతో క్రమబద్ధమైన పని ఒకటి జరిగింది.

ముదిమి మొదలైన ఆకు తనలోని పత్రహరితాన్ని తానే విడగొట్టుకుంటుంది. మాంసకృత్తులను కరిగించి, వాటిలోని నత్రజనిని కాండానికి తిరిగి పంపుతుంది. పచ్చదనం తొలగడంతో అంతవరకు మరుగున ఉన్న పసుపు బయటపడుతుంది. కన్నుమూసేలోపే అమానతులన్నీ అప్పగించిన ఇంటి పెద్దలా, అప్పగింతలు ముగిశాకే ఆకు తొడిమ దగ్గర తెగుతుంది. ఆ పొదుపు తర్వాత వచ్చే చిగురుకు అక్కరకొస్తుంది.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలో ఆకుకు తెలిపేదెవరు? చిగురులో ఉన్న జన్యువులే పండుటాకులోనూ ఉన్నాయి. రాత ఒక్కటే, దానిపై పడిన గుర్తులు వేరు. డిఎన్ఎ అనే సన్నని దారం హిస్టోన్లనే మాంసకృత్తుల కండెలకు చుట్టుకొని ఉంటుంది. దారం మీదా, కండెల మీదా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అతుక్కుంటాయి. కొన్ని గుర్తులు జన్యువును తెరుస్తాయి, కొన్ని మూసి ఉంచుతాయి. ఈ ఏర్పాటును అధ్యయనం చేసే శాస్త్రమే ఎపిజెనెటిక్స్.

ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై జర్మనీలోని హాలె పరిశోధకులు 2009లో ఒక సంగతి వెల్లడించారు. ముదిమిని ఆరంభించే ఒక ముఖ్య జన్యువు వద్ద, సమయం వచ్చినప్పుడు హిస్టోన్లపై తెరిచే గుర్తులు పెరుగుతాయి. గుర్తులు వేసే ఒక ఎంజైమును మొక్కలో అధికం చేసి ఆ ఏర్పాటును మార్చగా, జన్యువు మేల్కొనలేదు. ఆకులు ఆలస్యంగా ముదిరాయి.

అయితే ఆలస్యమంతా లాభమేనా? కాదని మన రొట్టె చెబుతోంది. ముదిమిని నడిపే కొన్ని జన్యువుల పనిని గోధుమలో తగ్గించి చూసిన ప్రయోగ ఫలితం 2006లో వెలువడింది. ఆకులు 3 వారాలకు పైగా అదనంగా పచ్చగా నిలిచాయి. గింజలో మాత్రం మాంసకృత్తులు, ఇనుము, జింకు 30 శాతానికి పైగా తగ్గాయి. ఆకు తనది తాను వదులుకోనిదే గింజ నిండదన్నమాట.

రాలే ఆకు ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లోని అల్ అన్ఆమ్ సూరా 59వ వాక్యంలో ఉన్న సంగతి పాఠకులకు తెలుసు. అది దైవజ్ఞానం ఎంత సమగ్రమో తెలిపే వాక్యం. దానిలో హిస్టోన్లను వెదకడం సరికాదని మా అభిప్రాయం.

ఇదే అడవిలో ఆకు వయసుపై బతికే మనుషులూ ఉన్నారు. వేసవికి ముందు తునికి పొదలకు కొమ్మ కొడతారు. ఏళ్ళ వయసున్న వేరు నుంచి లేత ఆకు పుడుతుంది. మనకున్నట్లు మొక్కకు ఒళ్ళంతా ఒక్కసారే ముసలితనం రాదు. మొక్క బాల్యాన్ని నిలిపే ఒక చిన్న ఆర్ఎన్ఎ వయసుతోపాటు తగ్గుతుందనీ, దాని జన్యువులపై మూసే గుర్తులు పెరగడం అందుకు ఒక కారణమనీ అరాబిడాప్సిస్‌లోనే తేలింది.

బీడీ కాల్చడాన్ని మేము సమర్థించము. కాని ఆ ఆకు తెంపే చేతుల కష్టం వేరే విషయం. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే అడవికి వెళ్ళి తెచ్చిన ఆకును ఇంటిల్లిపాదీ కూర్చొని కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. కల్లంలో ముదిరి పెళుసెక్కిన ఆకుకు, చిల్లులు పడిన ఆకుకు చోటు లేదు. చిగురుకూ ముదిమికీ నడుమ ఉన్న ఆ కొద్ది వారాల్లోనే ఆ ఇళ్ళకు వేసవి కూలి దొరకాలి.