తనంత తాను నడచు కారు – దానిని పరీక్షింపదగిన చోటు



నేను ముప్పదియాఱేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా చదువు అమరకోశముతో ఆరంభమై పంచకావ్యములతో పెరిగినది. యంత్రశాస్త్రముతో దానికి చుట్టరికము లేదు. అయినను నేడు కార్లను గుఱించి మీ యెదుట మాటలాడ సాహసించుటకు ఒక కారణము కలదు.

గడచిన ఫాల్గుణమాసములో, మా వైపు కల్లములన్నియు ఎండుమిరపకాయలతో నిండియున్న దినములలో, నా మేనల్లుడు క్రొత్తకారు కొని మా యూరు వచ్చెను. సాయంకాలమున నన్నును, పదకొండేండ్ల నా మనుమనిని ఎక్కించుకొని, లారీలు నిలుపు ఒక ఆవరణమునకు తీసికొనిపోయెను. ఆనాడు సెలవుదిన మగుటచే అచ్చట జనము లేరు.

“మామయ్యా! ఈ కారునకు ఎవరైనను అడ్డము వచ్చినచో తనంత తానే ఆగును. అబ్బాయిని ఎదుట నిలువబెట్టి చూపెదను, చూడుడు” అనెను.

“ఒరే, పిల్లవానిని పిలువకుము. అదిగో, అరుగుమీద ఎవరిదో ప్రత్తిబోరె యున్నది. దానిని నిలువబెట్టి చూపుము” అంటిని.

“మీకు నమ్మకము లేదు మామయ్యా.”

“నమ్మకము చాలక పోబట్టియే కదరా పరీక్ష యనుచున్నావు.”

వాడు నవ్వి బోరెను నిలిపెను. మొదటిసారి కారు రెండడుగుల దూరమున చక్కగా ఆగెను. మనుమడు చప్పట్లు కొట్టెను. రెండవసారి వాడు బండిని పడమటి ముఖముగా త్రిప్పి వచ్చెను. ఈసారి కారు ఆగలేదు. బోరెను పడద్రోసి, చీల్చి, దానిమీద నెక్కిన తరువాత మావాడు తన కాలితో బ్రేకు తొక్కగా ఆగెను. ప్రత్తి నేలంతయు పఱచుకొనెను. చాలసేపు మాలో నెవ్వరును మాటలాడలేదు.

ఒకసారి ఆగిన బండి మఱొకసారి ఏల ఆగలేదు? నాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. తెలిసినవారిని అడిగితిని, చదివితిని. తెలిసికొన్నది మీకు మనవి చేసెదను.

ఇట్టి కార్లకు మూడు విధములైన జ్ఞానేంద్రియము లుండును. ముందు అద్దము వెనుకనుండు కెమెరా కన్ను. రాడారు అనునది రేడియో తరంగములను పంపి, ఎదుటి వస్తువును తాకి మరలివచ్చు తరంగమునుబట్టి దూరమును గ్రహించును. ముందు వెనుకల అంచులందుండు చిన్న బిళ్లలు గబ్బిలమువలె మనచెవికి వినబడని ధ్వనిని వెలువరించి, దాని మాఱుమ్రోతను వినును. కొన్ని పెద్ద యంత్రములకు లైడారు అను లేసరు కన్నుకూడ నుండును.

ఇక మా బోరె సంగతి. రెండవసారి అస్తమించు సూర్యుడు సరిగా కెమెరా కంటిలో పడినాడు. అద్దముమీద మా దారుల దుమ్ము పేరుకొని యున్నది. ఎండిన ప్రత్తిలోనుండి రాడారు తరంగములు చాలవరకు దూరిపోవును. మెత్తని ప్రత్తి ధ్వనిని మ్రింగివేయును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ యంత్రమునకు లక్షలకొలది చిత్రములు చూపి, ఇది కారు, ఇది సైకిలు, ఇది మనిషి అని నేర్పుదురు. నిలువుగా నున్న ప్రత్తిబోరె దాని పాఠములో ఉండకపోవచ్చును. పుస్తకములోని లెక్కను తడుముకొనక చేసి, అంకెలు మార్చి యిచ్చినచో నోరు తెఱచు విద్యార్థులను నేను చాలమందిని చూచితిని.

అందుచేత న్యాయముగా చెప్పవలెనన్న, నా బోరె పరీక్షయు సరియైన పరీక్ష కాదు. బోరెను గ్రుద్దిన కారు మనుష్యుని చూచి ఆగవచ్చును; బోరెకు ఆగిన కారు మనుష్యునికి ఆగకపోవచ్చును. ఐరోపాలో కార్ల భద్రతను కొలుచు యూరో ఎన్‌క్యాప్ అను సంస్థ 2014లో కారు వెనుక కారు వచ్చునప్పుడు తనంత తాను పడు బ్రేకును, 2016లో పాదచారి ఎదుటపడినప్పుడు పడు బ్రేకును పరీక్షించుట మొదలుపెట్టినది. వారు నిలుపు బొమ్మ మెత్తనిదే; కాని కెమెరాకును రాడారుకును మనిషివలె తోచునట్లు చేయబడినది, నడచునట్లు కాళ్లు కదలించునది. పల్చని బల్లమీద నిలిపి దానిని కారున కడ్డముగా లాగుదురు. పగలును రాత్రియు, పలువేగములతో, మరల మరల చేయుదురు. ఒక్కసారి ఆగినందున పరీక్ష నెగ్గినట్లు కాదు.

యంత్రము పేరు తెలియక తడబడుటవలన ఏమి జరుగునో 2018 మార్చిలో లోకమునకు తెలిసినది. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున టెంపీ నగరపు రోడ్డుమీద, పరీక్షకై తిరుగుచున్న ఊబరు సంస్థవారి కారు, రాత్రివేళ సైకిలును నడిపించుకొనుచు దారి దాటు ఒక స్త్రీని గ్రుద్ది చంపెను. ప్రమాదమునకు 5.6 సెకండ్ల ముందే యంత్రము ఆమెను కనిపెట్టినది. కాని ఒకమారు వాహన మనియు, ఒకమారు సైకి లనియు, ఒకమారు మఱేదో వస్తు వనియు మార్చి మార్చి అనుకొనుచు కాలము గడపినది. నడిరోడ్డున దాటు మనిషి యుండునను ఆలోచనయే దానికి నేర్పబడలేదు. కారుతో వచ్చిన అత్యవసరపు బ్రేకును పరీక్షకై పనిచేయకుండ చేసిరి. లోపల కాపలాకు కూర్చున్నవారు ఫోను చూచుచుండిరి. విచారణలో తేలిన సంగతు లివి.

దీనికి భిన్నమైన మార్గ మొకటి కలదు. అందు మన తెలుగువారి పేరును కలదు. చిత్తూరు సీమలోని కాటూరను పల్లెలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో రోబోటిక్సు పరిశోధనాలయమును నెలకొల్పి, దానికి మొదటి అధ్యక్షులైరి. కంప్యూటరు విద్యలో అత్యున్నతమైన ట్యూరింగు బహుమానము వారికి 1994లో వచ్చినది. ఆ పరిశోధనాలయమువారి బండి 1995లో అమెరికాను తూర్పునుండి పడమటికి సుమారు 2,850 మైళ్లు దాటినది; నూటికి 98 పాళ్ల దూరము చుక్కానిని యంత్రమే త్రిప్పినది. వేగమును, బ్రేకును మాత్రము మనుష్యులే చూచుకొనిరి. తొందరపడక, ఒక పనిని యంత్రమున కిచ్చి రెండవదానిని తమ చేత నుంచుకొన్నారన్న మాట.

తరువాత 2007 నవంబరు 3వ తేదీన కాలిఫోర్నియాలో, వాడుక మానిన యొక విమానదళ స్థావరములో, మనుష్యులు లేని కార్లకు పందెము పెట్టిరి. ఆ స్థావరమున వీధులున్నవి, కూడళ్లున్నవి, కాపురమున్నవారు లేరు. పోటీబండ్లు పదునొకండు, వాని నడుమ మనుష్యులు నడపు కార్లు సుమారు ఏబది తిరిగినవి, వానిని నడపినవారు ఆరితేరిన చోదకులు. పార్కింగు ఆవరణములో ప్రవేశించి నిర్ణయించిన గడిలో నిలిచి మరల వెలుపలికి వచ్చుట పరీక్షలోని యొక భాగము. ప్రతి పోటీబండి వెనుకను ఒక కారు వెంబడించుచు, అవసరమైనచో దూరమునుండియే దానిని నిలిపివేయు సాధనము కలిగియుండెను. అంత చేసినను రెండు పోటీబండ్లు ఒకదానినొకటి మెల్లగా రాచుకొన్నవి. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. ఆఱు బండ్లు గమ్యము చేరినవి. రాజ్ రెడ్డిగారు నాటిన పరిశోధనాలయపు బండి మొదటి బహుమానము పొందినది.

మన సమీపముననే, సంగారెడ్డి జిల్లా కందిలోనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో తిహాన్ అను పేర ఇట్టి పరీక్షాక్షేత్రము 2022 జులై 4వ తేదీన ప్రారంభమైనది. కేంద్ర ప్రభుత్వము దీనికై 130 కోట్ల రూపాయలు కేటాయించినది. అచ్చట కూడళ్లు, స్తంభములు, పరీక్షాపథములు కలవు. వాన కురియునట్లు చేయు యంత్రముకూడ కలదు. 2025లో ఆ విద్యాలయపు ఆవరణలోనే చోదకుడు లేని చిన్నబస్సులు జనుల నెక్కించుకొని తిరుగ నారంభించినవి. ముందు కంచెలోపలి క్షేత్రము, పిదప దారులన్నియు ఎఱిగిన ఆవరణ. ఈ వరుస నాకు మిక్కిలి నచ్చినది. మన పెద్దలు కోడెకు కాడి అలవాటు చేసినదియు ఇట్లే కదా. మొదట పంట తీసిన చేనిలో ముసలియెద్దును జత కట్టి, వెనుక దుంగను లాగించి, ముందొకడు పగ్గము పట్టుకొని నడచెడివాడు. క్రొత్తకోడెను బండికి కట్టి తిరునాళ్లలోనికి తోలినవానిని ఊరంతయు తిట్టెడిది.

పార్కింగు స్థలములో బండ్లు మెల్లగా పోవును గదా, అచ్చట భయమేమి యని మా మేనల్లుడును అడిగెను. లెక్క చూడుడు. గంటకు పది కిలోమీటర్లు పోవు బండి ఒక్క సెకండులో సుమారు తొమ్మిదడుగులు పోవును. ప్రమాదమును చూచి కాలు బ్రేకుమీదికి పోవుటకే ఇంచుమించు ఒక సెకండు పట్టును. బ్రేకు పడిన తరువాత బండి ఆగుటకు మరికొంత. రెండు కార్ల నడుమనుండి పరుగెత్తుకొనివచ్చు బాలుడు మూడడుగుల దూరములోనికి వచ్చినదాక ఎవ్వరికిని కనబడడు. రోడ్డుమీదనైన ఎవరు ఏ వైపు పోవుదురో ఊహింపవచ్చును. ఇచ్చట ఒకడు వెనుకకు వచ్చును, ఒకడు తలుపు తీయును, ఒకడు సామాను నెత్తిన పెట్టుకొని అడ్డముగా నడచును.

అమెరికాలో టెస్లా కార్లకు, యజమాని దూరమున నిలిచి ఫోనుమీద వేలు నొక్కి యుంచినచో, నిలిపిన చోటునుండి తనంత తాను వచ్చు నేర్పును 2019లో ఇచ్చిరి. 2024లో దానిని సంస్కరించిరి. అది నిలిపియున్న కార్లను, స్తంభములను గ్రుద్దినదని ఫిర్యాదులు రాగా, 2025 జనవరిలో అచ్చటి రహదారి భద్రతాశాఖ సుమారు 26 లక్షల కార్ల విషయమై విచారణ ప్రారంభించినది. వేలు తీసినను బండిని ఆపుటకు వ్యవధి చాలలేదన్నది ఆ ఫిర్యాదులలోని సంగతి. వేలు తీసిన వార్త ఫోనునుండి కారునకు చేరుటకును కొంత కాలము కావలెను గదా.

ఇక మన గుంటూరు మిర్చియార్డును తలచుకొనుడు. టిక్కీలు మోయు హమాలీలు, తట్టలతో స్త్రీలు, లారీ నీడన నిద్రించువారు, ఘాటుకు కన్నులు మూసికొని తుమ్ముచు నడచువారు. శివరాత్రినాడు కోటప్పకొండ క్రింద చేలలో బండ్లు నిలుపుదురు. అచ్చట గీత లేదు, గడి లేదు, చీకటిలో పిల్లలు ప్రభల వెంట పరుగెత్తుదురు. యంత్రము చదివిన పాఠములలో ఇవి ఎన్ని యున్నవో?

ఆవరణము రోడ్డు కాదు గనుక చట్టము పట్టదని కొందఱి భ్రమ. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాకపోకల మార్గమైనను కాకపోయినను, ప్రజలకు ప్రవేశించు హక్కు గల చోటు పబ్లికు స్థలమే. క్రొత్త పరిశోధనలకై కొన్ని వాహనములకు మినహాయింపు ఇచ్చు అధికారమును 2019 సవరణ కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. మీకును నాకును, మా మేనల్లునికిని ఇయ్యలేదు. మఱొక మాట: ఇప్పుడు మనవారు కొను కార్లలో నున్నది చోదకునికి సాయము చేయు విద్య. పరిభాషలో దీనిని రెండవ మెట్టు అందురు. మెట్లు సున్న మొదలు అయిదువఱకు కలవు. రెండవ మెట్టున బండి తన చుక్కానిని తానే త్రిప్పినను, కన్నులు దారిమీదనే యుంచవలసినవాడు మనుష్యుడే.

మీ యింటి యువకులు ఈ విద్యలను అలవాటు చేసికొనదలచినచో కాదనుట భావ్యము కాదు. బండి నిలుపుకొను నేర్పు, వెనుకకు పోవునప్పుడు హెచ్చరించు నేర్పు, ఇవి తెలియకపోవుటయు ప్రమాదమే. ముందుగా కారుతో ఇచ్చిన పుస్తకమును చదువుమనుడు. తనంత తాను పడు బ్రేకును మనుష్యులను నిలిపి పరీక్షింపరాదని హెచ్చరించు పుస్తకములు కలవు. మావాడు దానిని అట్టపెట్టెనుండి తీయనేలేదు. యజమాని అనుమతి పొందిన ఖాళీ ఆవరణ, మూసిన గేటు, గేటువద్ద ఒక పెద్దమనిషి, పగటివెలుగు, తుడిచిన అద్దము, నడకవేగము. ఎదుట ఖాళీ అట్టపెట్టెలే యుండవలెను, ప్రాణి యుండరాదు. పాదము బ్రేకుమీదనే యుండవలెను; బండి ఆగునో లేదో చూతమని ఆ పాదమును ఆలస్యము చేయరాదు. అత్యవసరపు బ్రేకును మాత్రము ఇంటివద్ద పరీక్షింపనే వలదు. ఆ పని బొమ్మలును, కొలతలును గలవారిది.

ఆ సాయంకాలము మేము మువ్వురమును ప్రొద్దుక్రుంకువఱకు ప్రత్తి నేఱితిమి. మట్టి అంటిన దానిని వేఱుచేసి, బోరె యజమానిని వెదకి, వెల చెల్లించితిమి. ఏమి జరిగెనని ఆయన అడుగగా మా మేనల్లుడు తల వంచుకొనెను. నా మనుమడే ముందుకు వచ్చి, “తాతయ్య వద్దనకపోయినచో అచ్చట నేను నిలిచెడివాడను” అని చెప్పెను. ఆయన వెల తీసికొనక, పిల్లవాని తల నిమిరి పంపివేసెను.