కుచ్చు చూసి జత కొంటున్నారా?

డిగ్రీ అయిపోయింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే తెల్లటి దూదిపింజలాంటి కోడి ఒకటి కనిపించింది. తల మీద ఈకల కుచ్చు, కళ్లు కనపడనంత. ‘జత తీసుకోండి బ్రదర్, ఆర్నెల్లలో పెట్టుబడి వెనక్కి’ అంటున్నాడు అమ్మేవాడు. ఇంటి వెనక నాలుగు సెంట్ల ఖాళీ ఉంది. నాన్నని అడిగితే డబ్బులిస్తాడేమో!

ఆగండి. ఈ పని చేయొద్దని చెప్పడం లేదు. అరుదైన జాతి కోళ్లను పెరట్లో పెంచి, పిల్లలు తీసి అమ్మడం నిజంగానే ఒక చిన్న ఆదాయమార్గం. చదువుకుంటూ, ఉద్యోగానికి ప్రిపేరవుతూ కూడా చేసుకోవచ్చు. కాకపోతే ఎక్కువమంది మొదటి కొనుగోలు దగ్గరే బోల్తా పడతారు. ఆ తప్పు పేరు ‘జత’.

ముందుగా, మీరు కొంటున్నదేమిటో తెలుసుకోండి. ఇక్కడ కుచ్చు అంటే పుంజు తల మీది ఎర్రటి తురాయి కాదు, నెత్తిన గుత్తిగా మొలిచే ఈకలు. మన దగ్గర ఫ్యాన్సీ కోళ్ల మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి సిల్కీ. దీని ఈకలకు కొక్కేల్లాంటి పట్టు ఉండదు కాబట్టి బొచ్చులా కనిపిస్తాయి. చర్మం నల్లగా, కాలికి ఐదు వేళ్లు ఉంటాయి. రెండోది పోలిష్, మనవాళ్లు ‘పోలిష్ క్యాప్’ అంటారు. దాని పుర్రె పైభాగమే బుడిపెలా ఉబ్బి ఉంటుంది, కుచ్చు మొలిచేది దాని మీదే. గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజే పిల్ల నెత్తి మీద ఆ బుడిపె కనిపిస్తుంది. పిల్లలప్పుడు అక్కడ ఎముక పూర్తిగా మూసుకోదు. పక్క కోడి గట్టిగా పొడిస్తే ప్రాణానికే ప్రమాదం. అసీల్ పిల్లలతోనో, మామూలు నాటుపిల్లలతోనో కలిపి ఒకే గంప కింద పెట్టకూడదనేది అందుకే.

ఇంకో సంగతి. సిల్కీ పెట్ట పొదుగుకు రావడంలో ముందుంటుంది. పోలిష్ పెట్ట గుడ్లు బాగానే పెడుతుంది గానీ, వాటి మీద కూర్చునే ఓపిక దానికుండదు. కాబట్టి పోలిష్ గుడ్లను సిల్కీ పెట్ట కిందో, నాటుపెట్ట కిందో పెట్టాలి. లేదంటే ఇంక్యుబేటర్.

బైపీసీ వాళ్లకు తెలిసిన లెక్కే

ఇంటర్లో బట్టీ పట్టిన 1:2:1 నిష్పత్తి గుర్తుందా? కుచ్చు జన్యువు సరిగ్గా ఆ లెక్క ప్రకారమే నడుస్తుంది. అసంపూర్ణ బహిర్గతం అని చదివాం కదా, అదే. స్వచ్ఛమైన కుచ్చుకోడిని కుచ్చులేని నాటుకోడితో కలిపితే పిల్లలన్నిటికీ కుచ్చు వస్తుంది, కానీ చిన్నది. ఆ చిన్నకుచ్చు పిల్లల్ని మళ్లీ వాటిలో వాటికే కలిపితే నాలుగింట ఒకటి నిండుకుచ్చుతో, రెండు అరకుచ్చుతో, ఒకటి బోడితలతో పుడతాయి. (మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో బేట్‌సన్ చూపించింది కూడా కోళ్లతోనే. పాఠంలో ఉన్న తురాయి ఆకారాల లెక్క ఆయనదీ, పన్నెట్‌దీ.)

అరకుచ్చు పుంజును ‘ఇంకా చిన్నది బ్రదర్, పెద్దయ్యాక నిండుతుంది’ అని అంటగట్టేవాళ్లున్నారు. నిండదు. ఏడాది నిండిన తల్లీతండ్రీ కుచ్చులు ఎలా ఉన్నాయో చూపించమనండి.

సిల్కీ బొచ్చు సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అది అంతర్గత లక్షణం. సిల్కీని మామూలు కోడితో కలిపితే తొలితరంలో ఒక్క పిల్లకూ బొచ్చు రాదు. ‘మోసపోయాం’ అని వాటిని కూర వండేస్తారు చాలామంది. ఓపికపట్టి వాటిలో వాటిని కలిపి ఉంటే రెండోతరంలో నాలుగింట ఒకదానికి బొచ్చు తిరిగొచ్చేది.

జతలో ఏముంది తప్పు?

అమ్మేవాడు జత అంటున్నాడంటే, చాలాసార్లు అవి ఒకే పొదుగులో పుట్టిన అన్నాచెల్లెళ్లు. వాటికి పుట్టే పిల్లల్లో అంతఃప్రజననం 25 శాతం. ఆ పిల్లల్లోనే మళ్లీ అన్నాచెల్లెళ్లను కలిపితే 37.5, మూడో తరానికి 50 శాతం. కాగితం మీద ఇవి అంకెలే. పెరట్లో మాత్రం ఖాళీగుడ్లు, 19వ రోజున పెంకులోనే చచ్చిపోయిన పిల్లలు, కాళ్లు వంకరపోయిన పిల్లలు. అప్పుడు మనవాళ్లు ఇంక్యుబేటర్‌ని తిడతారు.

పైగా సిల్కీలో పుంజూ పెట్టా తేడా నాలుగైదు నెలల దాకా సరిగ్గా తెలియదు. రెండు నెలల వయసులో ‘జత’ అని తెచ్చుకున్నవి తర్వాత రెండూ కూత పెట్టడం కొత్తేమీ కాదు. పోలిష్‌లో కాస్త నయం: పెట్ట కుచ్చు ఈకలు గుండ్రంగా బంతిలా పేరుకుంటాయి, పుంజువి మొనదేలి కిందికి జారుతుంటాయి.

అయితే ఎన్ని కొనాలి? ఇక్కడొక చిన్న సూత్రం ఉంది. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, నాలుగుతో హెచ్చవేసి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించండి. వచ్చేదాన్ని మంద అసలు బలం అనుకోవచ్చు. ఒక పుంజు, పది పెట్టలు ఉంటే 3.6 వస్తుంది. అంటే 11 కోళ్లు మేపుతున్నా వంశం పరంగా మీ దగ్గరున్నది నాలుగు కోళ్లలోపే. మూడు పుంజులు, తొమ్మిది పెట్టలైతే 9. ఒక్క కోడి పెరిగింది, బలం రెండున్నర రెట్లయింది.

ఆ 12 కోళ్లనూ మూడు గదుల్లో, గదికి ఒక పుంజు మూడు పెట్టల చొప్పున పెట్టండి. మూడు పుంజుల్నీ మూడు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకోవాలి, ఇందులో రాజీ పడొద్దు. ఏటా పిల్లలెదిగాక ఆడపిల్లలు పుట్టిన గదిలోనే ఉంటాయి. మగవాటిలో మంచిదాన్ని పక్క గదికి పంపాలి: ఒకటో గది పుంజు రెండుకు, రెండుది మూడుకు, మూడుది ఒకటికి. ఇంతే. బయటినుంచి కొత్త రక్తం తేకుండానే కొన్నేళ్లు నడుస్తుంది.

పుంజును మార్చిన మర్నాటి నుంచే గుడ్లు పొదిగేయకండి. పాత పుంజు వీర్యం పెట్ట శరీరంలో రెండు మూడు వారాల దాకా నిల్వ ఉంటుంది. ఆ మూడు వారాల గుడ్లు ఆమ్లెట్‌కే. ఈ ఒక్క విషయం తెలియక ‘స్వచ్ఛమైన’ పిల్లలని నమ్మి అమ్మి, తర్వాత కొన్నవాళ్లతో గొడవపడ్డవాళ్లున్నారు.

రెండు రూపాయల రింగు, ఒక నోటుపుస్తకం

అరుదైన జాతి కొనేవాడు మాంసానికీ గుడ్డుకీ డబ్బివ్వడు. ‘ఈ పిల్ల తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఎన్ని గుడ్లు పెట్టింది’ అనే జవాబుకు ఇస్తాడు. కాబట్టి ప్రతి కోడి కాలికీ నంబరున్న రింగు వేయండి. గుడ్డు మీద గది నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను వాడొద్దు. ఏ తేదీన ఎన్ని పెట్టారు, ఏడో రోజు చీకట్లో లైటు మీద చూస్తే ఎన్ని ఖాళీ, ఎన్ని పిల్లలైనాయి... అన్నీ రాయాలి. చాలా చిన్న పనిలా అనిపిస్తుంది. రెండు నెలలు చేసి మానేసేవాళ్లే ఎక్కువ.

పొదిగే లెక్కలు: గుడ్డు వారం లోపుది కావాలి. గాలి తిరిగే ఇంక్యుబేటర్లో 37.5 డిగ్రీలు, 18వ రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు తిప్పడం, చివరి మూడు రోజులు తిప్పకుండా తేమ పెంచడం. 21వ రోజుకు పిల్లలు. మన వేసవిలో కరెంటు పోతే అంతా పోయినట్టే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొదిగించుకోవడం మేలు.

ఇక డబ్బు లెక్క. ధరలు ఊరినిబట్టి, రంగునిబట్టి మారతాయి కాబట్టి అంకెలు మీరే వేసుకోండి, పద్ధతి మాత్రం ఇది. వంద గుడ్లు పొదిగించారనుకుందాం. 60 పిల్లలొచ్చాయనుకోండి, మొదటిసారికి అది మంచి ఫలితమే. రెండు నెలలకు 50 మిగిలాయి. అందులో సగం పుంజులు. కుచ్చు, రంగు, వేళ్లు అన్నీ సరిగ్గా ఉండి జాతికోడిగా అమ్మదగ్గవి ఏ 20 మాత్రమే. మిగతా 30 ఏం చేస్తారు? నాటుకోడి ధరకు కూరకు ఇచ్చేయాలి. చేతులారా పెంచినవాటిని అలా ఇవ్వడం కష్టమే. కానీ వాటిని కూడా జాతికోళ్లని చెప్పి అమ్మితే మీ పేరు ఏడాదిలో పోతుంది. ఖర్చు వైపు చూస్తే 12 పెద్దకోళ్లకు, కోడికి వంద గ్రాముల చొప్పున, నెలకు 36 కిలోల దాణా. తవుడు, నూకలు, చెదలు ఇంట్లో దొరికితే కొంత తగ్గుతుంది. మొదటి ఏడాది లాభం రాయడానికి గడి ఖాళీగా ఉంచుకోండి.

జబ్బుల దగ్గర చిన్న మందకు పెద్ద ఇబ్బంది టీకా సీసా. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లాసోటా చుక్కలు వేయాలి, నెలకు మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టుబీ సూది. కానీ సీసా వందల డోసుల్లో వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లవాడు సీసా కొనడం దండగనుకుని మానేస్తాడు, వానల్లో మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. వీధిలో కోళ్లున్నవాళ్లందర్నీ ఒకే ఉదయం పోగేయండి. మీ కోళ్లకే కాదు, పక్కింటి కోళ్లకూ టీకా పడితేనే మీవి క్షేమం.

కుచ్చుకోళ్లకు ప్రత్యేక బాధలున్నాయి. పక్కలు కనపడక గద్దకూ పిల్లికీ సులువుగా దొరుకుతాయి, పైన వల తప్పనిసరి. కళ్లకు అడ్డొచ్చే ఈకలు కత్తిరించాలి. కుచ్చు తడవకూడదు, కాబట్టి వెడల్పు గిన్నెలో కాకుండా నిపుల్ డ్రింకర్‌తో నీళ్లు పెట్టండి. సిల్కీ బొచ్చు వానను ఆపలేదు, తడిసిన పిల్ల ముడుచుకుని చచ్చిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంది కదా. వ్యాధి తేలిన చోట చుట్టుపక్కల పెరటికోళ్లను కూడా తీసేస్తారు. అప్పుడిచ్చే పరిహారం ప్రభుత్వం నిర్ణయించిన రేటు ప్రకారమే, మీ సిల్కీ అరుదైనదని ఎక్కువ ఇవ్వరు. ఈ పనికి అప్పు చేయొద్దనడానికి నాకు ఇదొక్కటే చాలు.

కుచ్చు లేకపోయినా అరుదే

అరుదైన కోడి అంటే విదేశీదే కానక్కర్లేదు. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన జాతుల్లో డంకి, కాళహస్తి మన ఆంధ్రప్రదేశ్‌వి. ఘాగస్ మనదీ కర్ణాటకదీ. అసీల్ సరేసరి. విజయనగరం వైపు వాళ్లు డంకితోనూ, చిత్తూరు వైపు వాళ్లు కాళహస్తితోనూ మొదలుపెడితే మన ఎండకు తట్టుకునే కోడి, రోగాలకు అంత తేలిగ్గా లొంగని కోడి చేతిలో ఉంటుంది. గుడ్లు తక్కువ, నిజమే. అసీల్ అయితే ఏడాదికి 30-40 మించి ఆశించొద్దు. మూడు గదుల పద్ధతి వీటికీ అంతే.

అసీల్ దగ్గర ఒక మాట సూటిగా అనుకోవాలి. పుంజుకు వేలల్లో ధర పలికేది సంక్రాంతి బరి వల్లే. పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ ఉండే వయసులో మీరు బరి కోసం అమ్మే వ్యాపారంలోకి దిగడం తెలివితక్కువ పని.

‘పిల్లలు మేమిస్తాం, పెంచాక మేమే కొంటాం’ అనే ఒప్పందాల జోలికీ వెళ్లొద్దు. 2012 ప్రాంతంలో ఈము పక్షులతో ఏం జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కొనేవాడు మళ్లీ పెంచేవాడే అయినన్నాళ్లూ ధర పెరుగుతుంది. తినేవాడో, ముచ్చటపడి ఇంట్లో పెట్టుకునేవాడో రాకపోతే ఒక్కసారే కూలుతుంది.

శిక్షణ కావాలంటే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ అక్కడ పుట్టినవే. పని నచ్చి ఇటే వెళ్దామనిపిస్తే పదో తరగతి అర్హతతో తమ్ముడో చెల్లెలో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చేయొచ్చు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర, రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాల పరిధిలో పాలిటెక్నిక్‌లున్నాయి. హేచరీలో సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టడానికి మీ నోటుపుస్తకం పనికొస్తుంది. ‘ఖాళీగుడ్ల శాతం 30 నుంచి 15కి ఎలా తగ్గించావ్’ అనడిగితే చెప్పడానికి మీ దగ్గర తేదీలతో సహా జవాబుంటుంది.

ఈ ఆదివారం కోళ్లు చూడ్డానికి వెళ్తే డబ్బులు తీసుకెళ్లకండి. అడ్వాన్స్ ఫోన్‌పే చేయమంటే చేయకండి. తల్లిని చూపించమనండి, తండ్రిని చూపించమనండి, రింగు నంబరు అడగండి. ‘రింగెందుకు బ్రదర్, నాకు అన్నీ గుర్తే’ అన్నాడంటే, టీ తాగి వచ్చేయండి.