కట్ట మీద ట్రాక్టర్ బోల్తా పడితే తప్పు డ్రైవరుదేనా?

ట్రాక్టర్ బోల్తా పడ్డ చోటికి పోయి నిలబడితే మొదట వినబడే మాట ఒకటే: "వానికి తోలరాదు." రెండో మాట: "తాగి ఉన్నడేమో." చనిపోయినవాడు లేచి జవాబు చెప్పడు గదా. ఆ ఏటవాలు మీదికి ఆ బండిని పంపింది ఎవరు, వెనక ఏం తగిలించి పంపారు, ఎంత తొందర పెట్టారు అని అడిగేవాడు మాత్రం ఆ గుంపులో కనబడడు.

ధరూరు మండలంలో కొండలెక్కడివి, ఈ గొడవ మనకెందుకు అని కొందరు అనవచ్చు. మన నడిగడ్డలో కృష్ణ దిక్కు దిగే చెలకలున్నాయి, వాగు ఒడ్లున్నాయి, గుట్టల కింద రాళ్ల భూములున్నాయి. వాటి కంటే ఎక్కువ మనుషులు పోసిన ఏటవాలు ఉంది. రేవులపల్లి దగ్గర జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన అయింది. తర్వాత నెట్టెంపాడు ఎత్తిపోతల, దాని కింద గూడెందొడ్డి రిజర్వాయరు వచ్చాయి. వాటితోపాటు కాలువలు, కట్టలు, గట్లు, తవ్విపోసిన మట్టి దిబ్బలు వచ్చాయి. దేశంలో ఎన్ని డ్యాముల దగ్గర పాలమూరు లేబర్ తట్ట మోసిందో లెక్క లేదు. ఇప్పుడు ఆ కట్టల మీదనే మన పిల్లలు ట్రాక్టర్లు తోలుతున్నారు.

అందులోనూ చిన్న ట్రాక్టర్లు పెరిగినయి. పదిహేను నుంచి పాతిక గుర్రాల బలం ఉన్నవి. పత్తి, మిరప వరుసల మధ్య పోవాలని వాటి చక్రాలు దగ్గర దగ్గరగా పెడతారు. ఆ ఇరుకుదనమే దాని ఉపయోగం, అదే దాని ప్రమాదం. పెద్ద ట్రాక్టర్‌ను చూస్తే డ్రైవరుకు కొంత భయం ఉంటది. చిన్నదాన్ని చూస్తే "బొమ్మ లెక్కున్నది, ఎటైనా పోతది" అనిపిస్తది. అట్ల అనిపించినవాళ్లలో నేనొకణ్ని.

సుమారు ఇరవై ఏళ్ల కింద ఒక ఆసామి దగ్గర జీతానికి ట్రాక్టర్ తోలేవాణ్ని. ఆయన పొలం ఒక పక్క గట్టుకు ఆని ఉండేది. మందు కొట్టే నీళ్ల ట్యాంకు వెనక ఎత్తి కట్టించి, గట్టు ఏటవాలు మీద అడ్డంగా పొమ్మన్నడు. ట్యాంకు సగమే నిండింది. సగమే గదా, బరువు తక్కువ అనుకున్న. నడిమిట్ల పోయినంక నీళ్లన్నీ ఒక్కసారి కింది దిక్కుకు ఉరికినయి. పై చక్రం నేల విడిచింది. నేను పై దిక్కుకు పడ్డ కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్న. ట్రాక్టర్ రెండు పొర్లు పొర్లింది. దాన్ని బాగు చేయించిన ఖర్చు నా జీతంలో కోసుకున్నడు. ఊళ్లో అందరూ అదే న్యాయం అన్నరు. నేను కూడా తలవంచుకున్న. ఎందుకు బోల్తా పడిందో అప్పటికి నాకే తెలియదు.

తర్వాత మెకానిక్కుల దగ్గర, పుస్తకాలలో వెతికి నేర్చుకున్న లెక్క ఇది. ఏ బండికైనా దాని బరువంతా ఒక్కచోట కుదురుకున్నట్టు ఉండే స్థానం ఒకటి ఉంటుంది. గరిమనాభి అంటారు. అక్కడి నుంచి తాడు కట్టి రాయి వేలాడదీసినట్టు ఊహించండి. ఆ రాయి చక్రాల మధ్యన ఉన్నంతసేపు బండి నిలబడుతుంది. కింది చక్రాన్ని దాటి బయటికి పోయిందా, ఇక ఎవరి చేతిలోనూ లేదు.

ఉదాహరణకు చక్రాల మధ్య దూరం 90 సెంటీమీటర్లు, గరిమనాభి నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. కాగితం మీద అది సుమారు 37 డిగ్రీల దాకా ఆగుతుంది. పైన బరువు కట్టి ఆ ఎత్తును 80కి తెస్తే 29 డిగ్రీలకే పడిపోతుంది. అదే చక్రాలను జరిపి వెడల్పు 120 చేస్తే, ఎత్తు 60 ఉన్నప్పుడు, 45 దాకా పోతుంది. చాలా ట్రాక్టర్లకు వెనక చక్రాల డిస్కును తిప్పి బిగిస్తే వెడల్పు పెరుగుతుంది. అరపూట పని. సీజన్‌లో ఆ అరపూట ఇవ్వడానికి యజమానికి మనసొప్పదు.

ఇది నిలబెట్టిన బండి లెక్క. నడిచే బండి లెక్క వేరు. 20 డిగ్రీల ఏటవాలు మీద అడ్డంగా పోతుంటే కింది చక్రం జానెడు కంటే కొంచెం తక్కువ, 15 సెంటీమీటర్ల గుంతలో పడిందనుకోండి. 90 వెడల్పు బండి ఒక్కసారిగా ఇంకో తొమ్మిదిన్నర డిగ్రీలు ఒరుగుతుంది. అంటే 20 కాస్తా దాదాపు 30 అయింది. పై చక్రం కింద రాయి వచ్చినా అంతే. మలుపులో వేగం రెండింతలైతే పక్కకు నెట్టే బలం నాలుగింతలవుతుంది. పైగా ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంటది. కాబట్టి బండి నాలుగు కాళ్ల మంచం లెక్క కాదు, మూడు కాళ్ల పీట లెక్క నిలబడుతుంది. అందుకే కాగితం మీది డిగ్రీలను నమ్మి ఎక్కవద్దు. నా మటుకు నేను 15 డిగ్రీలు దాటితే అడ్డంగా తోలనివ్వను.

డిగ్రీలు కొలిచేదెట్ల? ఒక మీటరు కట్టె తీసుకోండి. పై కొన ఏటవాలుకు ఆనించి, కట్టెను మట్టంగా పట్టండి. సీసాలో నీళ్లు పోసి పైన పెడితే మట్టం తెలుస్తది. అవతలి కొన నుంచి నేల 27 సెంటీమీటర్ల కిందికి ఉంటే 15 డిగ్రీలు, 36 ఉంటే 20. కాలువ కట్టలు మామూలుగా రెండుకు ఒకటి, ఒకటిన్నరకు ఒకటి వాలులో పోస్తారు. మొదటిది 26 డిగ్రీలు దాటుతుంది, రెండోది 33 దాటుతుంది. అంటే కట్ట పక్కవాలు మీద అడ్డంగా ట్రాక్టర్ తోలమనడం మనిషిని చావమనడమే.

ఏటవాలులో పైకీ కిందికీ నిట్టనిలువుగా పోవాలి. పక్కకు తిరగవలసి వస్తే మట్టమైన చోట తిరగాలి. వెనక కల్టివేటర్ గాని, రోటవేటర్ గాని ఉంటే వీలైనంత కిందికి దించి ఉంచాలి. కానీ నేలలో పాతుకుపోయేట్టు కాదు. వెనక చక్రాల ట్యూబుల్లో ముప్పావు వంతు నీళ్లు నింపితే బరువు కిందికి దిగుతుంది, ముందు ఇనుప బరువులు బిగిస్తే మూతి లేవదు. ట్యాంకు కడితే పూర్తిగా నింపాలి లేదా ఖాళీగా ఉంచాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ చేసేవాళ్లున్నారు. వాళ్లకు ఆ అలవాటు నేర్పింది డీజిల్ లెక్క అడిగే యజమాని. రెండు బ్రేకు పెడళ్లను లాకు వేసి కలిపి ఉంచాలి. పొలంలో మలుపు కోసం విడదీసిన పెడలు కట్ట మీద ఒక్కటే తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది. కాలువ అంచున పోయేటప్పుడు కాలువ ఎంత లోతో అంచుకు కనీసం అంత దూరంలో ఉండాలి. వాన పడ్డ రోజు అది కూడా చాలదు.

వెనక్కి తిరగబడే ప్రమాదం ఇంకా చెడ్డది. చక్రాలు బురదలో కూరుకుపోయినప్పుడు గాని, ఎత్తు ఎక్కుతూ బరువు లాగుతున్నప్పుడు గాని క్లచ్చు ఒక్కసారి వదిలితే చక్రం తిరగలేక బండే చక్రం చుట్టూ లేస్తుంది. ముక్కాలు సెకనులో చేయిదాటిపోతుంది. మనిషి ఆలోచించి క్లచ్చు తొక్కేలోపు అంతా అయిపోతది. కాబట్టి తాడు గాని, గొలుసు గాని కింది హుక్కుకే కట్టాలి. పై లింకుకు, ఇరుసుకు కట్టకూడదు. బాగా నిటారుగా ఉంటే రివర్సులో ఎక్కి, ముందుకు దిగడం మేలు.

ఇన్ని చేసినా ఒకనాడు బోల్తా పడవచ్చు. అందుకే సీటు వెనక ఇనుప కమాను, సీటు బెల్టు ఉండాలి. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. ఆ తర్వాత అక్కడ బోల్తా చావులు బాగా తగ్గినయి. మన దగ్గర ఎండకు రేకు టాపు పెట్టి, అదే రక్షణ అనుకుంటారు. ఆ రేకు మనిషితోపాటే నలుగుతుంది. కమాను ఉన్న బండిలో బెల్టు పెట్టుకోవాలి, దూకవద్దు. కమాను లేని బండికి బెల్టు కట్టుకోకూడదు. మరి అప్పుడేం చేయాలి అని ఒక డ్రైవరు అడిగిండు. అట్లాంటి బండిని ఏటవాలు ఎక్కించకపోవడం తప్ప నా దగ్గర జవాబు లేదు.

డ్రైవరు ఒక్కడే పోతే ఒక ప్రాణం. ట్రాలీలో మనుషులుంటే? 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయల కోతకు పోతున్న మహిళా కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ కాలువలో పడింది. కనీసం తొమ్మిది మంది మునిగిపోయారు. మూడు నెలలు తిరక్కుండా, జూన్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టర్ పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే, పత్తి చేను పనికి బయలుదేరినవాళ్లే. ఇరుకు కాలువ కట్ట మీద, మనుషులు నిండిన ట్రాలీతో పోయే బండి ఇప్పటికీ మన దారుల్లో రోజూ కనిపిస్తుంది. సీడు పత్తికి క్రాసింగు పనులు నడిచే రోజుల్లో తెల్లారకముందే చూడండి. మనుషులు నిలబడితే ట్రాలీ గరిమనాభి ఎంత పైకి పోతదో ఇప్పుడు మీకే తెలుసు. దిగుడులో బ్రేకు లేని ట్రాలీ ముందున్న చిన్న ట్రాక్టర్‌ను పక్కకు మడిచి నెడుతుంది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లు మొదట చక్రం కింద పడతారు.

చచ్చినంక లెక్క ఇంకో తీరు. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా పట్టా ఉన్న రైతు కుటుంబానికి 5 లక్షలు ఇవ్వడానికి పెట్టింది. మంచిదే. భూమి లేని కూలీని, కౌలుదారును అందులో చేర్చలేదు. ట్రాక్టర్ బీమా దగ్గరికి పోతే ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్కటే సీటు, మిగతావాళ్లు మాకు సంబంధం లేదంటారు. అయితే 1923 నాటి నష్టపరిహార చట్టమే తన రెండో షెడ్యూలులో ట్రాక్టర్‌తో సేద్యం చేసే పనివాణ్ని కార్మికుడిగా లెక్కించింది. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. పేరు మారినా మన పని ఒకటే. ప్రమాదం జరిగిన రోజే పోలీసు కాగితంలో, పంచనామాలో మూడు సంగతులు రాయించాలి: ఎవరి పనికి పోతున్నాడు, ఎవరు పంపారు, కూలి ఎంత. "ట్రాక్టర్ అదుపు తప్పి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టించుకుంటే, ఆ కుటుంబం తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా యజమాని కనబడడు.

కూలి పద్ధతి సంగతి కూడా మాట్లాడాలి. ఎకరానికి ఇంత అని గుత్తకు తోలే డ్రైవరు మెల్లగా తోలితే నష్టపోయేది తానే. ఏటవాలు ముక్కకు గంటల లెక్కన కూలి కట్టాలని, డిస్కు తిప్పిన అరపూటకు కూడా కూలి పడాలని మేము అడుగుతున్నాం. కొందరు ఒప్పుకున్నారు, ఎక్కువమంది నవ్వారు.

పోయిన సీజన్‌లో మా డ్రైవరొకడు టూల్ బాక్సులో మీటరు కట్టె పెట్టుకుని పోయిండు. గట్టు పక్క గడ్డి తీయడానికి బండి దించమన్నరు. దిగి కొలిచిండు. "ఇదేం కొత్త కతరా" అన్నడు ఆసామి. కట్టె 34 సెంటీమీటర్లు చూపించింది. కాసేపు వాదులాట అయింది. ఆఖరికి ఆ ముక్క వరకు నలుగురు ఆడవాళ్లు కొడవళ్లతో కోసిండ్రు, నలుగురికీ కూలి పడింది. ట్రాక్టర్ కట్ట కింద మట్టమైన చోట ఆగి ఉండె.