అందరూ తినగలిగే పుట్టినరోజు కేకు



ఇంట్లో పిల్లల పుట్టినరోజు వస్తోందంటే మొదట వినిపించే మాట ఇప్పుడు కేకే. పొద్దున పాయసం వండుతాం, పులిహోర కలుపుతాం, గుడికి వెళ్ళి అర్చన చేయిస్తాం. అయినా సాయంత్రం కేకు కోయకపోతే పిల్లలకు అది పుట్టినరోజే కాదు. మనమూ సరే అనేశాం. బజారుకు వెళ్ళి, అడిగినంత ఇచ్చి, రంగురంగుల డబ్బా తెచ్చుకుంటున్నాం. అయితే ఆ డబ్బా తెరిచినప్పుడల్లా మా ఇంట్లో ఒక చిక్కు వచ్చేది. ముందుగా ఆ సంగతి చెబుతాను.

మాది నంద్యాల. మా అత్తగారు గుడ్డు ముట్టరు. గుడ్డు లేని కేకే అని చెప్పి తెచ్చినా సరే, "ఏ గిన్నెలో కలిపినారో, ఏ కత్తితో కోసినారో! నాకెందుకులేమ్మా, పిల్లోళ్ళు తినండి" అనేవారు. మా అమ్మాయి మొదటి ముక్క అవ్వ నోటి దగ్గరికి తీసుకుపోవడం, ఆవిడ నవ్వుతూ తల అడ్డంగా ఊపడం, ఏటా ఇదే తంతు. తొమ్మిదో పుట్టినరోజున మా అమ్మాయి అవ్వ దగ్గరికి ప్లేటు తీసుకుపోనేలేదు. "అవ్వ తినదులే అమ్మా" అంది తేలిగ్గా. ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. ఇంట్లో పెద్దదిక్కు, ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషి, అంతమంది మధ్య ఉత్తచేతులతో కూర్చుని ఉన్నారు. మరుసటి ఏడు కేకు ఇంట్లోనే చేయాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

నిశ్చయం బాగానే ఉంది. పని మాత్రం బాగా రాలేదు. ఒక ఆదివారం బంధువులు వస్తారని తెలిసి, వాళ్ళకు పెట్టి మెప్పు పొందాలని మొదటిసారి కేకుకు పూనుకున్నాను. పిండి కలిపి సిద్ధంగా పెట్టాను. వాళ్ళు రావడం అరగంట ఆలస్యమైంది. అంతసేపూ పిండి గిన్నెలోనే ఉంది. ఉండలు ఉండకూడదని మధ్యమధ్య గట్టిగా గిలకొట్టాను. పొయ్యి మీద పెట్టాక అయిదు నిమిషాలకొకసారి మూత తీసి చూశాను. తీరా దించేసరికి నడుమ గుంటపడి, అంచులు బిరుసెక్కి, అచ్చం నాపరాయిలా తయారయింది. బంధువులు మర్యాదకు తలా ఒక ముక్క తీసుకుని ప్లేట్లోనే వదిలేశారు. అత్తగారు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.

ఆ తప్పులెక్కడివో నాకు అర్థమైంది వంటింట్లో కాదు, బెలుం గుహల్లో. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ సెలవుల్లో పిల్లలతో బనగానపల్లె మీదుగా బెలుం వెళ్ళాం. కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి ఆ గుహలు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి మా నంద్యాల జిల్లా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశారు. 1982, 83 సంవత్సరాల్లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలంతా తిరిగి కొలతలు వేసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనం చూడవచ్చు. 2002 నుంచి యాత్రికులను రానిస్తున్నారు. మెట్లు దిగి, ఉక్కపోతలో నడిచి నడిచి పాతాళగంగ దగ్గరికి చేరేసరికి, ఇంత పెద్ద బండరాతిని ఎవరు తొలిచారా అనిపిస్తుంది.

తొలిచింది నీళ్ళేనట. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకుంటుంది. దాంతో నీటికి రవ్వంత పులుపు వస్తుంది. ఆ పులిసిన నీరు సున్నపురాయిని లక్షల సంవత్సరాలపాటు కొద్దికొద్దిగా కరిగించింది. కప్పు నుంచి నీటిబొట్టు కారేచోట వాయువు గాలిలోకి పోతుంది, నీటిలో కరిగిన సున్నం అక్కడే రాయిగా నిలుస్తుంది. పైనుంచి వేలాడే రాతి ఊడలు అలా ఏర్పడినవే.

ఇది విని మా అమ్మాయి, "అమ్మా, గోలీసోడాలో బుస్సుమనేది ఆ వాయువేనా?" అని అడిగింది. అవును, అదే. ఇంటికొచ్చాక నాకు ఇంకొకటి తట్టింది. వంటింటి గట్టు మీది కడప బండపై నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే తెల్లమచ్చ పడుతుంది చూశారూ? అదీ ఇదే వ్యవహారం. నిమ్మపులుపు ఆ సున్నపురాతిని కాస్త తినేస్తుంది, ఆ వాయువు బయటికి పోతుంది. మన తినే సోడా కూడా పులుపు తగలగానే ఈ వాయువునే వదులుతుంది. గుహను తొలిచిన వాయువే కేకును పొంగిస్తుందన్నమాట!

ఇప్పుడు కేకులో ఏం జరుగుతుందో చూద్దాం. పిండిలో సోడా, పెరుగు కలవగానే లక్షల కొద్దీ చిన్న బుడగలు పుడతాయి. వేడి తగిలి అవి ఉబ్బుతాయి, పిండి లేస్తుంది. అదే సమయంలో బుడగల చుట్టూ ఉన్న పిండి ఉడికి గట్టిపడాలి. అలా గట్టిపడితే లోపలి వాయువు పోయినా గదులు గదులుగా ఆ గుల్లతనం నిలుస్తుంది. గట్టిపడకముందే వాయువు పోయిందా, కేకు కూలబడుతుంది. కేకు విద్య అంతా ఈ రెంటికీ సమయం కుదర్చడంలోనే ఉంది.

ఇక నేను చేసిన మూడు తప్పులూ మీకే తెలిసిపోతాయి. కలిపిన పిండిని అరగంట ఉంచాను, వాయువు కాస్తా గిన్నెలోనే పోయింది. గట్టిగా గిలకొట్టాను, గోధుమలోని జిగురు సాగి కేకు బిరుసెక్కింది. చపాతీకి ఆ జిగురు కావాలి గాని కేకుకు పనికిరాదు. మాటిమాటికీ మూత తీశాను, వేడి తగ్గి పొంగినదంతా కిందికి దిగింది. ఈ మూడోది చెప్పినప్పుడు మా అత్తగారు నోరు విప్పారు. "ఇడ్లీ పాత్ర మూత నడుమ తీస్తామా అమ్మా? ఆపాటి తెలీదా నీకు?" అన్నారు. తెలుసు. ఇడ్లీకి తెలిసిన సంగతి కేకు అనేసరికి మరిచిపోయాను. కేకు అంటే దొరల వంట, మనకు తెలిసిందేదీ అక్కడ పనికిరాదని ఒక భయం!

దొరల వంట అన్నాను గనుక ఒక ముచ్చట. గుడ్డు లేకపోతే కేకేమిటి అనేవాళ్ళున్నారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడదు, రొట్టెను పులియబెట్టే ఈస్టూ పడదు. ఆవిడ కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డు పొడి, 1843లో బేకింగ్ పౌడరు తయారుచేశాడు. తినే సోడా, పొడిగా ఉండే ఒక పులుపు, రెండూ ముందే కలిసిపోకుండా పిండి పదార్థం, ఇవీ బేకింగ్ పౌడరులో ఉండేవి. ఇంట్లో ఒక మనిషి తినలేకపోతోందని మొదలైన పని అది. మన ఇంట్లో అవ్వ కోసం మనం చేస్తే వింతేముంది?

సరే, ఇక చేసే విధానం. కాగితం, కలం తీసుకోండి.

గోధుమపిండి గాని మైదా గాని ఒకటిన్నర కప్పు, బెల్లం పొడి ముప్పావు కప్పు, బాగా మగ్గిన అరటిపళ్ళు మూడు, పెరుగు అర కప్పు, వాసన లేని నూనె కప్పులో మూడోవంతు, బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, తినే సోడా అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకులు, వేయించి పలుకులు చేసిన వేరుశనగ గింజలు గుప్పెడు. మాకు మహానంది వైపు నుంచి అరటిపళ్ళు బాగా వస్తాయి. మచ్చలు పడి, పిల్లలు మాకొద్దు అనే పళ్ళే దీనికి శ్రేష్ఠం. గుడ్డు పట్టి ఉంచే పనిని ఆ గుజ్జు చాలావరకు చేస్తుంది.

మొదట సరుకు పరీక్షించండి. చెంచాడు వేడినీళ్ళలో చిటికెడు బేకింగ్ పౌడరు వేస్తే బుసబుసా నురగ రావాలి. సోడాను నిమ్మరసంలో వేసి చూడండి. నురగ రాకపోతే అది పాతది, దాంతో చేసిన కేకు లేవదు. అలాగని సోడా ఎక్కువ వేయకండి, సబ్బు రుచి వస్తుంది.

ఓవెను ఉన్నవారు 180 డిగ్రీలకు ముందుగా వేడిచేసుకోండి. లేనివారు దిగులుపడనక్కరలేదు. మందపాటి పాత గిన్నె గాని, దబర గాని తీసుకుని అడుగున రెండు కప్పుల ఉప్పో, కడిగి ఎండబెట్టిన ఇసుకో పోయండి. మీద ఒక కుదురు పెట్టి, బిగుతైన మూత వేసి, పది నిమిషాలు నడిమి మంట మీద కాగనివ్వండి. చాలామంది ప్రెషర్ కుక్కరు వాడతారు. రోజూ వాడే కుక్కరు జోలికి పోవద్దు. నీరు లేకుండా కాగితే అది పాడవుతుంది. మూలనపడ్డ పాత కుక్కరైతే రబ్బరు రింగు, విజిలు రెండూ తప్పక తీసేయండి. ఆవిరి పోవడానికి దారి ఉండాలి. మా అత్తగారి చిన్నతనంలో కింద బొగ్గులు, మూత మీద నిప్పులు వేసేవారట. కిందా పైనా సమంగా వేడి తగలాలనేదే అందులోని కిటుకు.

అది కాగేలోపు ఏడంగుళాల గిన్నెకు నూనె రాసి పిండి చల్లండి. పిండి, బేకింగ్ పౌడరు, సోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. వేరే గిన్నెలో అరటిగుజ్జు, బెల్లం, పెరుగు, నూనె, ఏలకుల పొడి కలపండి. అన్నీ సిద్ధమయ్యాకనే పొడిని తడిలో పోసి, గరిటెతో కిందినుంచి పైకి తిప్పుతూ పొడి కనిపించనంతవరకే కలపండి. చిన్న ఉండలున్నా ఫరవాలేదు. మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పోయండి. గిన్నెలో సగానికి పైన కాస్త వరకే నింపి, వేరుశనగ పలుకులు చల్లి, వెంటనే లోపల పెట్టి మూత వేయండి. మంట బాగా తగ్గించండి. నలభై నిమిషాలదాకా మూత ముట్టుకోవద్దు. తర్వాత నడుమ పుల్ల గుచ్చి చూడండి. తడి అంటకపోతే అయినట్టే, లేకుంటే మరో పది నిమిషాలు ఉంచండి. దించి పది నిమిషాలాగి బోర్లించండి. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది.

రాయలసీమ ఆడవాళ్ళకు కొర్రలు పరాయివి కావు. మా నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో సూర్యనంది అనే కొర్ర రకం తయారైంది కూడాను. గోధుమపిండిలో మూడోవంతు తీసేసి కొర్రపిండి వేసుకోవచ్చును. అంతకు మించితే, కొర్రలో జిగురు లేదు గనుక కేకు విరిగిపోతుంది.

పైన క్రీము కావాలని పిల్లలు పేచీ పెడితే కస్టర్డు చేయండి. అర లీటరు పాలలో చిన్న గ్లాసెడు చల్లటి పాలు విడిగా తీసి, రెండు పెద్ద చెంచాల కస్టర్డు పొడి అందులో కలపండి. వేడి పాలలో వేస్తే ఉండ కడుతుంది. మిగతా పాలు మరిగి, చక్కెర కరిగాక ఇది పోసి, చిక్కబడేదాకా తిప్పండి. చల్లారాక దానిమ్మ గింజలు, ద్రాక్ష కలిపి కేకు ముక్క పక్కన వడ్డించండి. కొనే పొడి డబ్బా మీద గుడ్డు లేదన్న గుర్తు చూసుకోండి.

బెల్లం వేశాం కదా అని చక్కెర వ్యాధి ఉన్నవారికి ధారాళంగా పెట్టకండి. బెల్లమూ తీపే, అరటీ తీపే. వారికి చిన్న ముక్క చాలు. ఊరికి తీసుకువెళ్ళేటప్పుడు క్రీము, కస్టర్డు వద్దు. మా ఆడపడుచు ఇంటికి ఆళ్ళగడ్డకు ఈ కేకునే స్టీలు డబ్బాలో పెట్టి తీసుకుపోయాను, చెక్కు చెదరలేదు. మా ఎండల్లో మాత్రం చేసిన మరునాటికల్లా తినేయడం మేలు.

పదో పుట్టినరోజు వచ్చింది. ఆరోజు పిండి నేను కలిపాను, పొయ్యి దగ్గర అత్తగారు కూర్చున్నారు. మా అమ్మాయి మూత మీద చెయ్యి వేయబోతే, "ఇంకా పొద్దుంది, ఆగు" అని ఆవిడే ఆపారు. సాయంత్రం కేకు కోశాక మా అమ్మాయి మొదటి ముక్క అవ్వ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ నోరు తెరిచారు. నెమ్మదిగా నమిలి, "ఇంతేనా? ఇది తీపి ఇడ్లీ కదమ్మా!" అన్నారు. ఇంకో ముక్క అడిగి తీసుకున్నారు.

ఆ కేకు మీద గులాబీ పువ్వుల్లేవు, పేరు కూడా రాయలేదు. ఒక పక్క కాస్త వంగింది కూడా. ఆరోజు మా ఇంట్లో ఉత్తచేతులతో కూర్చున్నవారు మాత్రం ఎవరూ లేరు. ఈసారి మీ ఇంట్లో పుట్టినరోజు వచ్చినప్పుడు, కేకు ఎంత పెద్దది కావాలని కాక, మన ఇంట్లో దాన్ని తినలేనివారు ఎవరున్నారని ముందుగా ఆలోచించండి. తర్వాత మూత వేసి, నలభై నిమిషాలు ఓపిక పట్టండి.

సెలవు.