వేరుశనగ అంతరకృషికి మోటారు సైకిలు ఇంజిను

బత్తలపల్లి పరిసరాల ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగకు విత్తిన 45 రోజులలోపే అంతరకృషి ముగించాలి. ఆ తరువాత గుంటక తోలితే నేలలోకి దిగే ఊడలు దెబ్బతింటాయి. కాడెద్దులు కరవైన చోట పాత మోటారు సైకిలు ఇంజినుతో ఈ పని సాధ్యమేనని గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1994లో చూపారు. బుల్లెట్ వెనుక చక్రం తొలగించి, రెండు చక్రాల ఇరుసును, సేద్యపు పనిముట్లను అమర్చారు.

ఇంజినును చట్రానికి బిగించడం ఏ వెల్డింగు షాపులోనైనా అయ్యే పనే. చల్లబరచడమే చిక్కు. గాలితో చల్లబడే ఇంజినుకు రోడ్డు మీది ఎదురుగాలే ఆధారం. గంటకు 3-4 కిలోమీటర్ల వేగంతో చాళ్ల మధ్య నడిచే బండికి ఆ గాలి అందదు, లాగవలసిన భారం మాత్రం తగ్గదు. నూనె పలుచబడి, చివరకు పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది. అందువల్ల ఇంజిను రెక్కల మీదుగా గాలిని తోసే ఫ్యాను, దానికి రేకు తొడుగు తప్పనిసరి. పలు ఆటోరిక్షా ఇంజిన్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది, రివర్సు గేరు అదనపు సౌకర్యం.

వేగం తగ్గించడానికి క్లచ్చును సగం నొక్కి నడపరాదు, ప్లేట్లు మాడిపోతాయి. గేరుపెట్టెకు, ఇరుసుకు నడుమ మరొక చైను అంచె ఉండాలి. 14 పళ్ల చక్రం 42 పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం మూడో వంతుకు తగ్గి, తిప్పే బలం దాదాపు మూడింతలవుతుంది. చాళ్ల దూరం 30 సెంటీమీటర్లయితే చక్రాల ఎడం 90 సెంటీమీటర్లు ఉంచవచ్చు. బగ్గీలకు వేసే వెడల్పాటి టైర్లు ఇక్కడ మొక్కలను తొక్కుతాయి.