ఒక్క చుక్క బొమ్మ ఎలా అవుతుంది?

చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా (1922–2016) చిత్రాల్లో పదే పదే కనిపించేది ఒక పెద్ద నల్లని వృత్తం. దాని పేరు బిందువు. మధ్యప్రదేశ్‌లోని బాబరియాలో పుట్టిన రజా చిన్నప్పుడు బడిలో చూపు నిలవని పిల్లవాడు. ఉపాధ్యాయుడు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. 1950లో ఫ్రాన్స్ వెళ్లిన రజా అక్కడ చాలాకాలం ఊళ్లు, ప్రకృతి దృశ్యాలు గీశారు. 1970ల చివరికి ఆ పాత చుక్క కాన్వాస్ మీదికి వచ్చి చేరింది.

చుక్కే ఎందుకు? భారతీయ తాత్విక సంప్రదాయంలో బిందువు సృష్టికి మొదలు. శ్రీచక్రం నడిమధ్యన ఉండేదీ అదే. విత్తనంలో చెట్టు దాగినట్టు అందులో సమస్తం ఇమిడి ఉంటుందని భావన. (ముగ్గు వేసేవారికి ఇది వింతేమీ కాదు, చుక్కల ముగ్గులోనూ ముందు పడేది చుక్కే.)

మరి ఎలా గీశారు? వృత్తం, త్రిభుజం, చతురస్రం, గీత. దాదాపు ఇంతే. రంగుల్లో ముఖ్యమైనవి అయిదు: నలుపు, తెలుపు, ఎరుపు, నీలం, పసుపు. ఇవి పంచభూతాలకు గుర్తులు. వీటిలో నలుపు రజాకు వెలితి కాదు, మిగతా రంగులన్నిటికీ తల్లి. కొన్ని చిత్రాల్లో నల్లని వృత్తం చుట్టూ వలయాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి, చెరువులో రాయి పడ్డట్టు.