మేకు దిగినా మండని బ్యాటరీ

తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో కిందికి దిగే కరెంటు బస్సు ఎక్కినప్పుడు డ్రైవరుకి దగ్గర్లో సీటు దొరికితే, ఆయన ముందున్న తెరను ఒకసారి గమనించండి. బ్యాటరీలో ఛార్జి ఎంతుందో చూపే అంకె కొండ దిగుతున్నకొద్దీ తగ్గదు, పెరుగుతుంది. డీజిల్ బస్సుకి ఈ దారి బ్రేకులు వేడెక్కే దారి. కరెంటు బస్సులో మాత్రం డ్రైవరు యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి, చక్రాల పరుగును పట్టి ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ఒక చిన్న లెక్క వేసుకుందాం. ప్రయాణికులతో కలిపి బస్సు 12 టన్నులు, దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు అనుకుంటే, కొండ మీద నిలబడి ఉన్నందుకే ఆ బస్సులో దాదాపు 23 యూనిట్ల విద్యుత్తుకి సమానమైన శక్తి దాగి ఉంటుంది. గాలికీ టైర్లకీ వేడికీ పోయేది పోగా, మిగిలింది అలిపిరి చేరేలోగా బ్యాటరీలో పడుతుంది.

2022లో తిరుపతికి వచ్చిన ఈ ఆర్టీసీ బస్సుల్ని తయారుచేసింది హైదరాబాదుకి చెందిన ఒలెక్ట్రా గ్రీన్‌టెక్. దానికి సాంకేతిక తోడ్పాటు ఇచ్చింది చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఉన్న బీవైడీ. ఫోర్డు, టయోటా లాంటి వాటి పక్కన పెడితే బీవైడీ నిన్నగాక మొన్న కార్ల పనిలోకి దిగిన కంపెనీ. 2003 దాకా అది ఒక్క కారు కూడా చేయలేదు. అయినా 2023 చివరి మూడు నెలల్లో, పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటింది. ఇంత తక్కువ కాలంలో ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే కారు బానెట్ ఎత్తి చూస్తే లాభం లేదు. కారు అడుగున, సీట్ల కింద పరిచి ఉన్న బ్యాటరీ పెట్టెను విప్పాలి.

బీవైడీ స్థాపకుడు వాంగ్ చువాన్‌ఫు 1966లో అన్హుయ్ రాష్ట్రంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోతే అన్నావదినలు కష్టపడి చదివించారు. రసాయన శాస్త్రం చదివి బీజింగులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో బ్యాటరీల మీద పనిచేశాడు. 1995లో బంధువు దగ్గర 25 లక్షల యువాన్లు తీసుకుని, ఇరవై మందితో షెన్‌జెన్‌లో కంపెనీ పెట్టాడు. మొదట చేసింది సెల్‌ఫోన్లకు వేసే నికెల్-కాడ్మియం బ్యాటరీలు. అప్పట్లో ఆ రంగం జపాన్ వాళ్లది. వాళ్ల ఫ్యాక్టరీల్లో రోబోలు పనిచేసేవి. ఆ యంత్రాలు కొనే డబ్బు వాంగ్ దగ్గర లేదు. అందుకని యంత్రం ఒక్క ఊపులో చేసే పనిని పదుల కొద్దీ చిన్న పనులుగా విడగొట్టి మనుషుల చేతికిచ్చాడు. చెయ్యి తప్పకుండా ఉండేందుకు ఒక్కో పనికీ ఒక్కో సాధనం చేయించాడు. కొన్నేళ్లకే మోటరోలా, నోకియా అతని దగ్గర బ్యాటరీలు కొన్నాయి.

2003లో వాంగ్ షియాన్ నగరంలో నష్టాల్లో ఉన్న ఒక కార్ల ఫ్యాక్టరీ కొన్నాడు. బ్యాటరీలవాడికి కార్లెందుకని మదుపరులు బెదిరిపోయారు, షేరు ధర పడిపోయింది. 2005లో వచ్చిన ఎఫ్3 పెట్రోలు కారే, చూడ్డానికి టయోటా కరోలాలాగే ఉండేది. దాని గురించి ఇంతకంటే చెప్పుకోనక్కర్లేదు. 2008 చివర్లో, ఇంటి ప్లగ్గులో ఛార్జి చేసుకుని, అవసరమైతే పెట్రోలుతోనూ నడిచే ఎఫ్3డీఎం వచ్చింది. అదే ఏడాది వారెన్ బఫెట్ సంస్థ సుమారు 23 కోట్ల డాలర్లతో పది శాతం వాటా కొనడంతో ప్రపంచం ఇటు తిరిగి చూసింది.

అసలు కథ బ్యాటరీ లోపల ఉంది. లిథియం బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి వెళ్లి కూర్చుంటాయి, వాడుకునేటప్పుడు తిరిగొస్తాయి. ధన ధ్రువాన్ని దేనితో చేశామన్న దాన్ని బట్టే బ్యాటరీ ధరా, బలమూ, ప్రమాదమూ ఉంటాయి. నికెల్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడుతో చేస్తే కిలో బరువు బ్యాటరీ సెల్‌లో దాదాపు పావు యూనిట్ విద్యుత్తు పడుతుంది. కానీ ఆ ఆక్సైడు బాగా వేడెక్కితే తనలోని ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. అంటే నిప్పుకి కావలసిన ఊపిరి బయటి గాలి నుంచి రానక్కర్లేదు, బ్యాటరీ లోపలే దొరుకుతుంది. అందుకే ఆ మంటలు ఒక పట్టాన ఆరవు.

రెండో దారి ఇనుమూ ఫాస్ఫేటూ కలిసిన పదార్థం. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేసిన అక్షయ పాఢీ, నంజుండస్వామి ఆయనతో కలిసి 1997లో దీని గురించి పత్రం ప్రచురించారు. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి గుడెనఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది. ఈ పదార్థంలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఎంత వేడెక్కినా తేలిగ్గా వదలదు. ఇనుము చవక. అరుదైన కోబాల్ట్ కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. వేల సార్లు ఛార్జి చేసినా తట్టుకుంటుంది. లోపం ఒక్కటే, అయితే అది పెద్దది: కిలోకి యూనిట్‌లో ఆరో వంతు మాత్రమే పడుతుంది. అదే దూరం పోవాలంటే బరువూ చోటూ ఎక్కువ కావాలి. బస్సుకి ఫరవాలేదు, కారుకి ఇబ్బంది.

ఈ రసాయనానికి ఇంకో గుణం ఉంది. ఛార్జి తగ్గుతున్నా దాని వోల్టేజి చివరిదాకా దాదాపు ఒక్క తీరుగానే ఉంటుంది. ట్యాంకులో నీళ్లు ఎంత తగ్గినా కుళాయి ధార మారకపోతే ఎంత మిగిలిందో ఎలా చెబుతాం? అందుకే ఈ బ్యాటరీ ఉన్న కార్లను అప్పుడప్పుడూ నూరు శాతం నింపమంటారు. లెక్క సరిచూసుకోవడానికి కారుకి అది గట్టి గుర్తు.

బీవైడీ మొదటి నుంచీ ఇనుము వైపే ఉన్నా, 2017 తర్వాత చైనా ప్రభుత్వం కిలోకి ఎక్కువ విద్యుత్తు పట్టే బ్యాటరీలకు సబ్సిడీ పెంచేసరికి తన కార్లలో నికెల్ వైపు మళ్లింది. ఆ సబ్సిడీ తగ్గుతూ వచ్చాక, 2020 మార్చిలో ఇనుముతోనే కొత్త బ్యాటరీని ముందుకు తెచ్చింది. దాని పేరు బ్లేడ్.

ఇందులో నాకు ఎంతో నచ్చేది, వాళ్లు మార్చింది రసాయనాన్ని కాదు, ఆకారాన్ని. అంతకుముందు సెల్‌లను కొన్ని కలిపి ఒక డబ్బాలో, అలాంటి డబ్బాల్ని మళ్లీ ఒక పెద్ద పెట్టెలో పెట్టేవారు. పెళ్లిలో పంచే లడ్లను చిన్న డబ్బాల్లో పెట్టి, వాటిని అట్టపెట్టెల్లో సర్దినట్టన్నమాట. పెట్టె నిండినట్టే కనిపిస్తుంది, కానీ చోటు సగానికి పైగా అట్టలకూ సందులకూ పోతుంది. సెల్ తేలికగా లేదని అందరూ బాధపడుతుంటే, చోటు సెల్‌లో కాదు, పెట్టెలో పోతోందని వీళ్లు గమనించారు. సెల్‌ను 96 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, వేలంత మందం ఉన్న పలకలా చేశారు. మధ్య డబ్బాలు తీసేసి ఆ పలకల్ని పక్కపక్కనే నిలబెట్టి నేరుగా పెట్టెలో పేర్చారు. అవి కరెంటునీ దాచుకుంటాయి, మిద్దెకి దూలాల్లా పెట్టెకి బలాన్నీ ఇస్తాయి. పాత పద్ధతిలో పెట్టెలో సుమారు 40 శాతం చోటే సెల్‌లకు దక్కేది, ఇప్పుడది 60 శాతానికి చేరింది. పలకలు పలచన కాబట్టి వేడీ త్వరగా బయటికి పోతుంది. ఇడ్లీ కంటే దోసె ముందు చల్లారుతుంది కదా, అలాగే.

ఆ బ్యాటరీని చూపించేటప్పుడు దాని గుండా ఒక మేకు దింపారు. మేకు దిగితే లోపల రెండు ధ్రువాలూ కలిసిపోయి ఒక్కసారిగా వేడి పుడుతుంది. కంపెనీ చూపిన పరీక్షలో నికెల్ సెల్ 500 డిగ్రీలు దాటి భగ్గున మండింది. బ్లేడ్ నుంచి పొగ కూడా రాలేదు, పైభాగం 60 డిగ్రీల లోపే ఉంది. కంపెనీ తన సరుకు కోసం తానే చేసిన పరీక్ష అది, కాబట్టి కొంచెం ఆగి నమ్మాలి. కానీ దాని వెనకున్న రసాయన కారణం మాత్రం గట్టిది.

2022 మార్చిలో బీవైడీ పెట్రోలుతో మాత్రమే నడిచే కార్ల తయారీ ఆపేసింది. 2024లో 42 లక్షలకు పైగా వాహనాలు అమ్మింది. వాటిలో పూర్తి బ్యాటరీ కార్లు 17 లక్షల పైచిలుకు, మిగిలినవాటిలో దాదాపు అన్నీ పెట్రోలు తోడున్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు. ఆ వేగానికి ఇంకో ముఖం కూడా ఉంది. 2024 డిసెంబరులో బ్రెజిల్ అధికారులు, బీవైడీ ఫ్యాక్టరీ కడుతున్న చోట 163 మంది చైనా కార్మికులను బానిసత్వం లాంటి పరిస్థితుల నుంచి విడిపించామని ప్రకటించారు. వాళ్లను తెచ్చింది ఒక కాంట్రాక్టు సంస్థ. అయినా మనుషుల చేతుల మీదే లేచిన కంపెనీకి ఆ చేతుల బాధ్యత లేదని నేను అనుకోను.

తిరుమల బస్సులు మళ్లీ గుర్తొస్తున్నాయి. ఏదో ఒకనాడు వాటి బ్యాటరీలు పాతబడి దిగుతాయి. కోబాల్ట్, నికెల్ ఉన్న పాత బ్యాటరీకి పాత ఇనుము అంగడిలోనూ గిరాకీ ఉంటుంది, ఇనుమూ ఫాస్ఫేటూ ఉన్నదాన్ని విప్పితే చేతికొచ్చే విలువ తక్కువ. ఏ చవకదనం ఈ కంపెనీని పైకి తెచ్చిందో, అదే ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. పాత బ్యాటరీల బాధ్యత తయారీదారుదేనని మన దేశంలో 2022 నుంచి నిబంధన ఉంది. అయితే పారవేయడానికి ముందు వాటికి ఇంకో పని చెప్పొచ్చు. సామర్థ్యం 80 శాతానికి పడిపోయిన బ్యాటరీ ఘాట్ రోడ్డు ఎక్కడానికి చాలకపోవచ్చు. డిపోలో ఒక గదిలో కదలకుండా కూర్చుని, పైకప్పు మీది సోలార్ పలకల నుంచి మధ్యాహ్నం వచ్చే కరెంటును రాత్రికి దాచిపెట్టడానికి చాలు. అక్కడ అది ఎంత బరువున్నా మోసుకుని తిరగాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.